సబర్‌కి శభాష్‌లు చాలు

పిల్లల పుస్తకాల్లో రాజకీయాలెందుకని అడిగేవాళ్లని ముందుగా మేమొక మాట అడుగుతాం. గుడిసెకు నిప్పు పెట్టినప్పుడు లోపల ఉయ్యాల్లో పిల్ల ఉందని ఎవరైనా ఆగారా? ఊరు దాటించినప్పుడు పలకా బలపం వెంట తెచ్చుకోనిచ్చారా? రాజకీయం పిల్లల్ని వదలనప్పుడు పిల్లల పుస్తకం మాత్రం రాజకీయాన్ని ఎట్లా వదిలేస్తుంది?

2015 సెప్టెంబర్‌లో సముద్రం ఒక సిరియా పసివాణ్ణి టర్కీ ఒడ్డున బోర్లా పడుకోబెట్టింది. ఆ ఫోటో చూసి లోకమంతా కళ్లు తుడుచుకుంది. ఆ పిల్లాడి పేరుని కూడా పత్రికలు మొదట తప్పుగానే అచ్చేశాయన్న సంగతి ఎంతమందికి గుర్తుంది? ఆ తర్వాత ఇంగ్లిషులో శరణార్థి పిల్లల మీద బొమ్మల పుస్తకాలు వరస కట్టాయి. వాటిలో మంచివి లేవని మేమనం. ప్రేమగా, శ్రద్ధగా రాసినవి ఉన్నాయి. కానీ చాలావాటి మూస ఒకటే. ఒక ఇల్లుంటుంది. ఒకరోజు యుద్ధం 'వస్తుంది'. వానొచ్చినట్టు, వరదొచ్చినట్టు వస్తుంది. తెచ్చినవాడెవడూ కనిపించడు. పిల్ల నడుస్తుంది, పడవెక్కుతుంది, చలికి వణుకుతుంది, కొత్త బడికొస్తుంది. ఒక స్నేహం దొరుకుతుంది. చివరి పేజీలో నవ్వుతుంది. అట్ట వెనక ఆ పిల్ల నిబ్బరాన్ని మెచ్చుకుంటూ నాలుగు ముక్కలుంటాయి.

ఈ నిబ్బరం మాకు కొత్త కాదు. మా ఇళ్లల్లో దాన్ని సబర్ అంటారు. కర్ఫ్యూ పెట్టినా సబర్. పోలీసులు అర్ధరాత్రి కొడుకుని ఎత్తుకుపోయినా సబర్. ముస్లిమని తెలిసి కిరాయికి ఇల్లివ్వకపోయినా సబర్. సబర్ బాధపడేవాళ్ల నోట వస్తే అది బలం. పక్కన నిలబడి చూసేవాళ్ల నోట వస్తే అది నోర్మూసుకోమనే హుకుం. పిల్ల ఎంత తట్టుకుందో కొలిచి చెప్పే పుస్తకం, ఆ పిల్ల ఎందుకు తట్టుకోవాల్సి వచ్చిందో చెప్పకపోతే అది ఏం పుస్తకం? కొట్టినవాణ్ణి వదిలేసి, దెబ్బ తిన్నవాడి వీపు ఎంత గట్టిదోనని శభాష్ అనడమే కదా!

అట్లా కాకుండా రాసినవాళ్లు లేకపోలేదు. జుడిత్ కెర్ బెర్లిన్‌లో పుట్టిన యూదు పిల్ల. 1933లో, తొమ్మిదేళ్ల వయసులో, కుటుంబంతో సహా జర్మనీ విడిచి పారిపోయింది. పెద్దయ్యాక ఇంగ్లండులో పిల్లల కోసం ఆ కథ రాసింది. 1971లో వచ్చిన ఆ పుస్తకం పేరు 'వెన్ హిట్లర్ స్టోల్ పింక్ ర్యాబిట్'. హిట్లర్ గులాబీ కుందేలుని దొంగిలించినప్పుడు అని అర్థం. పోయింది ఒక కుందేలు బొమ్మే. కానీ ఆ పిల్ల దాన్ని పారేసుకోలేదు, అది దానంతటది పోలేదు. దొంగ ఉన్నాడు. ఆ దొంగ పేరు అట్ట మీదనే ఉంది. మేం అడిగేది అదే. దొంగ పేరు చెప్పండి.

పసివాళ్లు భయపడతారు, వాళ్లకి ఇంత క్రూరత్వం చెప్పొద్దని కొందరు పెద్దమనుషులంటారు. ఈ దేశంలో పిల్లలకు మనం చెప్పే కథలేమిటి? ప్రహ్లాదుణ్ణి ఏనుగులతో తొక్కించింది, కొండ మీంచి తోయించింది హిరణ్యకశిపుడని నాలుగేళ్ల పిల్లాడికి తెలుసు. లక్క ఇల్లు కట్టించింది దుర్యోధనుడని తెలుసు. మొహర్రంలో పీర్లు లేచినప్పుడు తెలంగాణ పల్లెల్లో కులం మతం లేకుండా పిల్లలంతా అసైదులా ఆడతారు. కర్బలాలో నీళ్లు తొక్కిపెట్టింది యజీద్ సైన్యమని, దాహంతో ఉన్న పసిగుడ్డు మీద బాణం వేశారని ఆ పిల్లలు వింటూనే పెరుగుతారు. వాళ్లకి జ్వరాలొచ్చాయా? మన కథల సంప్రదాయం జాలిమ్ పేరు ఎప్పుడూ దాచలేదు. ఇప్పటి జాలిమ్‌ల దగ్గరకు వచ్చేసరికే మనకి సున్నితం గుర్తొస్తుంది.

ఇక పేరు సంగతి. కారెన్ లిన్ విలియమ్స్, ఖద్రా మొహమ్మద్ కలిసి రాసిన 'మై నేమ్ ఈజ్ సంగోయెల్' అనే పుస్తకం 2009లో వచ్చింది. సుడాన్ యుద్ధంలో తండ్రిని పోగొట్టుకుని అమెరికా చేరిన పిల్లాడి కథ. అక్కడ ఎవరికీ ఆ పేరు నోరు తిరగదు. వాడు చొక్కా మీద సూర్యుడి బొమ్మ, గోల్ బొమ్మ గీసుకుని బడికెళ్తాడు. 'సన్', 'గోల్' కలిపి చదివితే వాడి పేరు. తెలివైన కథే. కానీ చూడండి, ఇక్కడా తిప్పలు పడింది ఆ పిల్లాడే. పేరు పలకడం నేర్చుకోవాల్సింది ఎవరు? 2017లో కేట్ మిల్నర్ రాసిన 'మై నేమ్ ఈజ్ నాట్ రెఫ్యూజీ' ఇంకో అడుగు ముందుకేసింది. నా పేరు శరణార్థి కాదు అన్నది దాని మాట. మంచి మాట.

పేరే నేరమైన పిల్లల కథ ఇంకా ముందుంది. రొహింగ్యా అన్న పేరునే బర్మా ప్రభుత్వం ఒప్పుకోదు. 1982 పౌరసత్వ చట్టం తర్వాత వాళ్లు పుట్టిన గడ్డ మీదే పరాయివాళ్లయ్యారు. అక్కడి సర్కారు గుర్తించిన 135 జాతుల జాబితాలో వాళ్ల పేరు లేదు. 2014 జనాభా లెక్కల్లో 'బెంగాలీ' అని రాయించుకుంటేనే లెక్కిస్తాం, రొహింగ్యా అంటే లెక్కించం అన్నారు. 2017 ఆగస్టులో సైన్యం ఊళ్లు తగలబెట్టాక 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ముందు పేరు తీసేశారు, తర్వాత ఊరు తీసేశారు. వరస అదే. ఆ జనం తమ భాషకు 1980లలో ఒక లిపిని తయారు చేసుకున్నారు. హనీఫీ లిపి అంటారు. 2018లో అది కంప్యూటర్ అక్షరాల యూనికోడ్‌లో కూడా చేరింది. దేశం లేని పిల్లలకు అక్షరాలున్నాయి. వాళ్ల నిబ్బరం గురించి రాయాలనుకునేవాళ్లు అక్కడ మొదలుపెట్టొచ్చు.

ఇదంతా ఎక్కడో బర్మా గొడవ అనుకోకండి. ఆ పిల్లలు మన హైదరాబాద్‌లో, బాలాపూర్ చుట్టుపక్కల రేకుల గుడిసెల్లో ఉన్నారు. కొందరు ఇక్కడే పుట్టారు. కానీ 2003లో మార్చిన పౌరసత్వ చట్టం ప్రకారం, 2004 డిసెంబర్ 3 తర్వాత పుట్టిన బిడ్డ తల్లిదండ్రుల్లో ఒక్కరిని అక్రమ వలసదారు అన్నా ఆ బిడ్డ పౌరుడు కాడు. అమ్మానాన్నల దేశం వద్దంది, పుట్టిన దేశం కాదంది. 2019 పౌరసత్వ సవరణ చట్టం మూడు దేశాల పేర్లు, ఆరు మతాల పేర్లు చెప్పింది. అందులో ముస్లిం లేడు, బర్మా లేదు. ఒకే సరిహద్దు దాటినవాళ్లలో ఒకరు శరణార్థి, ఇంకొకరు చొరబాటుదారు! తేడా అంతా పేరులోనే ఉంది. అదే ఏడాది ఆగస్టు 31న అస్సాంలో పౌర జాబితా నుంచి 19,06,657 మందిని బయట పెట్టారు. అందులో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా పడిన అక్షరం కోసం కూలినాలీ జనం ట్రిబ్యునళ్ల చుట్టూ తిరిగారు. గుమాస్తా కలం జారితే మనిషి పరాయివాడైపోతాడు.

తెలుగువాళ్లకి బర్మా కొత్త కాదని కూడా గుర్తుచేస్తాం. శ్రీకాకుళం నుంచి, విశాఖ నుంచి, గోదావరి నుంచి ఓడలెక్కి రంగూన్ రేవులో మూటలు మోసింది మన కూలీలే. వాళ్లని అక్కడ కోరంగీలన్నారు. 1930 మేలో రేవు పని గొడవలో వాళ్ల మీద దాడులు జరిగాయి, చాలామంది చచ్చిపోయారు. 1942లో జపాన్ బాంబులకు జడిసి లక్షలాది భారతీయులు కొండలూ అడవులూ పట్టుకుని నడిచారు. దారిలోనే వేలమంది రాలిపోయారు. 1964లో దుకాణాలు జాతీయం చేశాక మళ్లీ లక్షల్లో వచ్చేశారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఆ జ్ఞాపకమే. వాళ్లు మన జాతివాళ్లు కదా అంటారా? వాళ్లలో అక్కడే పుట్టి పెరిగినవాళ్లున్నారు. వాళ్లని బర్మావాళ్లు 'కలా' అని తిట్టారు. అదే తిట్టు ఇవాళ రొహింగ్యాల మీద పడుతోంది. ఒకే నోరు, ఒకే తిట్టు. మేం చదువుకున్న తెలుగు వాచకాల్లో ఆ నడక లేదు. ఉండి ఉంటే బాలాపూర్ పిల్లని చూసి మనకి భయం పుట్టేది కాదు, మన తాత గుర్తొచ్చేవాడు.

భాషకే ఈ సంగతి తెలుసు. శరణార్థి అంటే దిక్కు కోరి చేతులు జోడించినవాడు. కాందిశీకుడు అంటే ఏ దిక్కుకి పోవాలని అడిగేవాడు. మా మాట ముహాజిర్, అంటే హిజ్రత్ చేసినవాడు. మక్కా నుంచి మదీనాకు జరిగిన ఆ వలసతోనే, 622తోనే మా సంవత్సరాలు మొదలవుతాయి. ఆ కథలో ఇంకో పేరు కూడా ఉంది. వచ్చినవాళ్లకి ఇంట్లో చోటిచ్చినవాళ్లని అన్సార్లు అన్నారు. అంతకుముందు మక్కా నుంచి పారిపోయిన ముస్లింలకు చోటిచ్చినవాడు అబిసీనియా క్రైస్తవ రాజు. శరణార్థి పుస్తకాల్లో మాకు కనబడని పాత్ర ఇదే. వచ్చినవాడి ఓర్పు మీద నూరు పేజీలుంటాయి, చోటిచ్చేవాడి బాధ్యత మీద ఒక్క పేజీ ఉండదు.

మా మతంవాళ్ల కోసమే మాట్లాడుతున్నామని అనేవాళ్లకి జవాబు చెబుతాం. 1990లో కశ్మీర్ లోయ విడిచిన పండిట్ల పిల్లల కథ రాయండి, వాళ్లని బెదిరించినవాళ్ల పేర్లతో సహా రాయండి. పోలవరం ముంపులో ఊళ్లు పోగొట్టుకున్న కోయ పిల్లల కథ రాయండి, ముంచింది గోదావరి కాదని కూడా రాయండి. 1948 కథ రాయండి. రజాకార్ల దౌర్జన్యం నిజం. దాన్ని దాచమని మేం అడగం. పోలీసు చర్య తర్వాత ఊళ్లు విడిచి హైదరాబాద్ చేరిన ముస్లిం కుటుంబాలూ నిజమే. 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక 2013 దాకా బయటికి రాలేదు. పెద్దల నుంచే అన్నేళ్లు దాచినదాన్ని పిల్లలకు ఎవరు చెబుతారు?

మా పేర్ల గురించి కూడా తెలుగు వాచకాలు ఏం చెప్పాయి? రంజాన్ పాఠం ఉన్నచోట రహీం ఉంటాడు, సేమ్యా పెట్టి మాయమవుతాడు. లెక్కల పాఠంలో మామిడిపళ్లు కొనేవాడు రహీం ఎందుకు కాడు? బడి రిజిస్టర్‌లో మా పేర్లు విరిగి పడతాయి. తరగతిలో 'ఏయ్ సాయిబూ' అన్న పిలుపే పేరైపోతుంది. మన పల్లెలు మాత్రం ఇట్లా లేవు. జాన్‌పహాడ్ దర్గాకి మొక్కి హిందువులు కొడుక్కి సైదులు అని పెట్టుకుంటారు. మస్తాన్‌రావులు, మస్తానమ్మలు, దస్తగిరులు తెలుగునేలంతా ఉన్నారు. పేరు పంచుకోవడం చదువురాని అమ్మలకు తెలుసు, వాచకాలు రాసే పండితులకు తెలియలేదు. రాయగలమని చూపినవాళ్లూ ఉన్నారు. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' 1999లో వచ్చాయి. హైదరాబాద్ అన్వేషి సంస్థ 2008లో 'డిఫరెంట్ టేల్స్' వరసలో దళిత, ముస్లిం పిల్లల బతుకుల్ని పిల్లల పుస్తకాలుగా తెచ్చింది. ఆ దారి ఉంది. నడిచేవాళ్లు తక్కువ.

అందుకని మేం మొహమాటం లేకుండా అడుగుతున్నాం. రచయితలారా, పిల్లల ఓర్పుని పొగిడేముందు దాన్ని పరీక్షించినవాళ్ల పేరు రాయండి. పంతుళ్లారా, హాజరు పిలిచేముందు పేరు సరిగా పలకడం నేర్చుకోండి, పిల్ల చొక్కా మీద బొమ్మలు గీసుకొచ్చే దాకా ఆగకండి. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల లోపు ప్రతి బిడ్డకీ చదువు అంది, ప్రతి పౌరుడికీ అనలేదు. వయసు కాగితం లేదని చేర్చుకోకుండా ఉండకూడదనీ చెప్పింది. రొహింగ్యా పిల్లలు సర్కారు బడికి వెళ్లి చేర్చుకోమని అడగొచ్చని, కాదంటే హైకోర్టుకి పోవచ్చని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అంది. ఆరేళ్ల పిల్ల బడి గేటు నుంచి హైకోర్టు గేటు దాకా నడవాలా? ఆ నడకని కూడా నిబ్బరమని మెచ్చుకుంటారా?

మా పెద్దలకీ ఒక మాట. రంజాన్‌లో బియ్యం మూటలతో బాలాపూర్ వెళ్లే చేతుల్లో ఈసారి పలకలు, పుస్తకాలు కూడా ఉండాలి. ఆ పుస్తకాల్లో వాళ్ల పేర్లుండాలి, వాళ్ల అక్షరాలుండాలి, మన తెలుగూ ఉండాలి. సబర్ వాళ్ల దగ్గర కావలసినంత ఉంది. మనం ఇవ్వాల్సింది బెంచీ మీద చోటు.