మ్యూజియం గోడ ఎవరిది?

1999 అక్టోబర్‌లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియం ‘సెన్సేషన్’ ప్రదర్శన తెరిచినప్పుడు రభసంతా ఒక్క చిత్రం చుట్టూ సాగింది. క్రిస్ ఓఫిలి మేరీమాతను నల్లజాతి స్త్రీగా చిత్రించి, ఆ పటంలో ఏనుగు పేడ వాడారు. మేయర్ రూడీ జూలియానీ మండిపడ్డారు. నగరం ఏటా ఇచ్చే సుమారు 70 లక్షల డాలర్లు ఆపేస్తామన్నారు, భవనం ఖాళీ చేయించబోయారు. మ్యూజియం కోర్టుకెక్కింది. నవంబర్ 1న న్యాయమూర్తి నీనా గెర్షన్ మ్యూజియం పక్షాన ఉత్తర్వులిచ్చారు. అది గొప్ప గెలుపు. జనం ఏ బొమ్మ చూడవచ్చో పాలకులు తేల్చే రోజు ఎక్కడా రాకూడదు.

ఆ గొడవలోనే మరో సంగతి బయటికొచ్చింది. ప్రదర్శనలోని కృతులన్నీ ఒక్కరివే: లండన్ ప్రకటనల వ్యాపారి చార్లెస్ సాచి సేకరణ. ఖర్చులకు 1,60,000 డాలర్లు ఇచ్చిందీ ఆయనే. మ్యూజియం ఆ మాట మొదట చెప్పలేదు. ఏ కృతి ఎక్కడుండాలన్న దాంట్లోనూ ఆయన మాట చెల్లిందని పత్రికలు రాశాయి. స్పాన్సర్లలో క్రిస్టీస్ వేలం సంస్థ ఉంది. అంతకుముందు డిసెంబర్‌లోనే సాచి తన సేకరణలోని 130 కృతులను అమ్మింది ఆ క్రిస్టీస్‌ ద్వారానే.

ఫలానా మ్యూజియంలో ప్రదర్శించారన్న ఒక్క వాక్యం వేలం కేటలాగులో చేరితే కృతికి విలువ పెరుగుతుంది. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ ఆ వాక్యాన్ని ఒక యజమానికి రాసిచ్చింది. ఓఫిలి చిత్రాన్ని తర్వాత సాచి అమ్మేశారు. 2015లో అది క్రిస్టీస్ వేలంలో 28 లక్షల పౌండ్లకు పైగా పలికింది.

మ్యూజియంలకు డబ్బు అవసరమే. దాతలు లేకుండా పెద్ద ప్రదర్శనలు సాగవు. అయినా మేయర్ వేలు పెడితే స్వేచ్ఛకు ముప్పని తెలిసిన వాళ్లకు యజమాని వేలు పెట్టినప్పుడు అది ఎందుకు తట్టలేదు? ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి తట్టింది. మార్కెట్‌కు మరీ దగ్గరగా ఉందంటూ తమ దేశానికి రావలసిన ఆ ప్రదర్శననే రద్దు చేసుకుంది. ఆ నిర్ణయం వల్ల అక్కడి ప్రేక్షకులు మంచి కృతులనూ పోగొట్టుకున్నారు, నిజమే. అయినా మేం దాన్ని సమర్థిస్తాం.

2000లో అమెరికన్ మ్యూజియంల సంఘం, అరువు తెచ్చే కృతుల విషయంలో తుది నిర్ణయం మ్యూజియందే కావాలనీ, యజమాని ఇచ్చే డబ్బును దాచకూడదనీ మార్గదర్శకాలు తెచ్చింది. అవి చట్టం కావు. ఎవరి సొత్తో, ఎవరి ఖర్చో ప్రదర్శన ద్వారం దగ్గరే రాసి పెట్టాలి. ప్రదర్శన ముగిశాక కొన్నేళ్లపాటు ఆ కృతులను అమ్మనని యజమాని చేత ముందే సంతకం చేయించుకోవాలి.