విమానవిద్యకై భూమి తాకట్టు

మల్కాజ్‌గిరి ప్రాంతమువారికి విమానము క్రొత్త వింత కాదు. 1945లో బేగంపేట కేంద్రముగా దక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడిన కాలముననే మన పెద్దలు దాని చప్పుడు వినుచు నాగలి పట్టిరి. 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలినను, విమానము నడుపుట నేర్పు అకాడమీ బేగంపేటను విడువలేదు.

ఇటీవల సంఘసభ్యులొకరు, కుమారుని పైలట్ చదువునకై రెండెకరములు తాకట్టు పెట్టవచ్చునా యని మమ్మడిగిరి. విద్యకు అడ్డు చెప్ప మాకు మనసొప్పదు. పిల్లవానికి వైద్యపరీక్ష యైనదా యని మాత్ర మడిగితిమి. కాలేదనిరి.

నూఱు గింజలు తడిగుడ్డలో చుట్టి, మొలక లెక్కించి గదా మనము విత్తుదుము! ఇదియు నంతే. కన్ను, చెవి, గుండె, రంగుల గుర్తింపు అన్నియు పరీక్షింతురు. మొదటి తరగతి వైద్యధ్రువపత్రము లేనిదే జీతమునకు విమానము నడుపు లైసెన్సు రాదు. అది యున్నను 200 గంటలు గాలిలో నడిపి చూపవలెను. గంట గంటకును రుసుమే. లైసెన్సు వచ్చిననాఁడే కొలువు దొరకునను నమ్మకము లేదు. పెద్ద జెట్ విమానమునకు ఆ రకపు శిక్షణ వేఱుగ, వేఱు సొమ్ముతో పొందవలెను. అందాఁక వడ్డీ యాగదు.

ట్రాక్టరు విప్పి బిగింపఁగల పిల్లవానికి విమానము బాగుచేయు ఇంజనీరు చదువు దగ్గఱి దారి కావచ్చును. దానికిని ప్రభుత్వ లైసెన్సు కలదు. ఇఁక విమానాశ్రయములో కొలువిప్పింతునని సొమ్మడుగు దళారికి దమ్మిడీయు నీయవలదు.

ఆ సభ్యులు తాకట్టు కాగితము మడిచి జేబులో పెట్టుకొని, అబ్బాయిని ముందు కంటివైద్యునికి చూపెదనని వెళ్లిరి.