పొలం నాది, సేద్యం అతనిది, సొమ్ము మళ్ళీ నాదే!

మొన్న ఆఫీసు క్యాంటీన్లో మళ్ళీ అదే పాత పాట. "ఈ కాలం కుర్రాళ్ళెవరూ వ్యవసాయం చెయ్యట్లేదు బాస్" అని. అన్నవాడు సిటీ అవతల అరెకరం కొని, ఆదివారాలు వంగమొక్కలకి నీళ్ళు పోసి ఫోటోలు పెట్టే మహారైతు :) నేను నోరు మూసుకున్నాను. ఎందుకంటే నేను వాడికంటే పెద్ద దొంగ రైతుని.

వరంగల్ దగ్గర మా ఊళ్ళో నా పేరు మీద మూడెకరాలుంది. నాన్న రాసిచ్చారు. దాంట్లో పత్తి వేసేది మా వాడకట్టు కుర్రాడు, ఇరవై నాలుగేళ్ళుంటాయి. పండినా ఎండినా ఎకరాకి పన్నెండు వేలు కౌలు నాకు కట్టాల్సిందే. విత్తనాలు, మందులు, కూలీలు, వడ్డీ... అన్నీ అతని నెత్తినే.

2025 వానాకాలంలో నేను స్టాండప్ కాల్లో ఉండగా ఫోన్ మోగింది. రైతు భరోసా, ఎకరాకి 6 వేల చొప్పున 18 వేలు, నా ఖాతాలో! దాని పేరు పెట్టుబడి సాయం. పెట్టుబడి పెట్టినవాడికి మాత్రం పైసా రాలేదు. 2018లో రైతుబంధు మొదలైనప్పుడూ ఇదే తంతు. పట్టాదారుకే డబ్బులు, కౌలుదారుకి మొండిచెయ్యి. మన భాషలో చెప్పాలంటే డేటాబేస్‌లో ఓనరు గడి ఉంది, దున్నేవాడి గడి లేదు.

ఇంకా ఘోరం రైతుబీమా. అదీ 2018లోనే వచ్చింది. రేపు నేను హైదరాబాద్‌లో బైకు మీంచి పడి పోతే "రైతు" పోయాడని మా ఇంటికి 5 లక్షలు వస్తాయి. అదే పొలంలో అతను పాము కరిచి పోతే వాళ్ళమ్మకి ఏమీ రాదు. సెంటు భూమి లేదు కాబట్టి అతను రైతు కాడు!

యువతని సేద్యంలో నిలబెట్టాలని 2015లో కేంద్రం "ఆర్య" అనే పథకం పెట్టింది. పుట్టగొడుగులు, తేనెటీగలు, నర్సరీల మీద శిక్షణ ఇస్తారు. మంచిదే, కాదనను. కానీ మా కుర్రాడికి కావల్సింది శిక్షణ కాదండీ, గుర్తింపు. బ్యాంకుకి వెళ్తే పాసుబుక్ ఏదంటారు, పత్తి అమ్మబోతే పాసుబుక్ ఏదంటారు.

"కాగితం రాసిస్తే భూమి పోతుంది" అని భయపెడతారు మన పెద్దలు. 2011లో ఉమ్మడి రాష్ట్రం చేసిన కౌలు చట్టమే చెప్పింది, కార్డు ఇచ్చినంత మాత్రాన యజమాని హక్కుకి ఢోకా లేదని. భయం వట్టి సాకు. అసలు సంగతి, ఇలాగే మనకి లాభంగా ఉంది.

ఆ 18 వేలు కౌలులో తగ్గించుకోమని మొన్న అతనికి ఫోన్ చేశాను, ఏదో ఉద్ధరించినట్టు. "పైసలు సరే అన్నా, కాగితం రాసిస్తవా?" అన్నాడు.

దసరాకి ఊరెళ్ళి రాసిస్తాను. నాన్నతో గొడవ ఖాయం. ఊళ్ళో పొలం ఉన్న ఐటీ బాబులూ, మరి మీ సంగతేంటి?