తాఖీదులు – తల్లిదండ్రులు

విద్యాశాఖవారి తాఖీదులు ఇప్పుడు కాగితముపై వచ్చుట అరుదు. బడి తలుపు తెరువకముందే అవి ఉపాధ్యాయుని సెల్‌ఫోనులో వచ్చి కూర్చుండును. ఎందరు పిల్లలు హాజరైరి, ఎందరు భోజనము చేసిరి, ఎందరికి సంచులును బూట్లును అందినవి, తల్లుల బ్యాంకు ఖాతాలు ఆధారుతో కలిసినవా లేవా, తల్లిదండ్రుల సమావేశపు ఛాయాచిత్రములు పంపబడినవా లేవా – ఇట్టి ప్రశ్నలకు ఏ పూటకు ఆ పూట సమాధానము చెప్పుకొనవలెను. వీనిలో నిరర్థకమైన ప్రశ్న యొక్కటియు లేదని మేమును ఒప్పుకొందుము. ప్రజాధనము వ్యయమగు చోట లెక్క యుండవలసినదే. కాని ఈ లెక్కలన్నిటికిని వెనుక నుండవలసిన ప్రశ్న వేఱొకటి కలదు. నిన్న బడికి రాని పిల్ల ఏల రాలేదు? ఈ ప్రశ్నకు యాపులో ఒక గడి యుండవచ్చును. ఆ గడిలో ‘అనారోగ్యము’ అని నొక్కినచో పని తీరిపోవును. పోయి తెలిసికొనివచ్చుటకు మాత్రము ఉపాధ్యాయునకు తీరిక లేదు.

ప్రభుత్వమువారు చేసినదానిని చేయలేదనుట న్యాయము కాదు. అన్నము పెట్టిననే గాని బీదబిడ్డ బడిలో నిలువడని 1956లో మదరాసు రాష్ట్రమున కామరాజు గ్రహించెను. వండిన భోజనమునే బడిలో పెట్టవలెనని సుప్రీంకోర్టువారు 2001 నవంబరు 28న ఆజ్ఞాపించిరి. 2003 జనవరి నుండి మన రాష్ట్రమున ఆ పొయ్యి వెలుగుచున్నది. 2020లో ‘అమ్మ ఒడి’ వచ్చెను. 2025లో ‘తల్లికి వందనము’ వచ్చెను. బడిభోజనమునకు 2024లో లంకల గన్నవరపు అన్నపూర్ణ డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. 2024 డిసెంబరు 7న ఒకసారి, 2025 జూలై 10న మఱియొకసారి రాష్ట్రమంతటను ఒక్క దినముననే తల్లిదండ్రుల మహాసమావేశములు జరిపిరి. ప్రభుత్వములు మారినవి, పథకముల పేర్లు మారినవి. బిడ్డ చదువునకు ఇల్లుకూడ ఆధారమను భావము మాత్రము నిలిచినది. ఇది సంతోషింపదగిన విషయము. ఏ పక్షమువారు చేసినను మంచిని మంచియనుటకు మాకు సంకోచము లేదు.

అయినను కుటుంబమునకు అండ యనుట ఖాతాలో పడిన సొమ్ముతో ముగియునా? సంవత్సరమున కొక దినము వేసిన కుర్చీలతో ముగియునా? ఈ ప్రశ్నకు జవాబు రాజధానిలో దొరకదు. జంగారెడ్డిగూడెము వంటి ఊరి చుట్టును తిరిగి చూచినచో దొరకును.

మన పట్టణము మైదానమునకును మన్యమునకును నడుమ గడపవలె నున్నది. గడపకు ఈవల పొగాకు, ఆయిల్‌పామ్, మామిడి, జీడితోటలు. ఆవల బుట్టాయగూడెము, జీలుగుమిల్లి, పోలవరము మండలముల కోయ, కొండరెడ్డి పల్లెలు. 2014లో ఖమ్మము జిల్లానుండి మనలో కలిసిన కుకునూరు, వేలేరుపాడులు ఇంకను ఆవల నున్నవి. పోలవరము ఆనకట్ట మూలమున ఊళ్లు విడిచిన కుటుంబములు కొత్త కాలనీలలో ఇండ్లను సర్దుకొనుచున్నవి. దక్షిణమున కొల్లేటి వైపు పోయినచో చేపల చెరువుల గట్లమీద గుడిసె వేసికొని కాపలా కాయు కుటుంబములు కనబడును. ఆ చెరువు అమ్ముడుపోయిన వెంటనే వారి నివాసమును మారిపోవును. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఏలూరు జిల్లాలో ఈ మూడు విధములైన బ్రతుకులును ఒక్క జిల్లా విద్యాధికారి పరిధిలోనికి వచ్చినవి. మువ్వురకును వచ్చు తాఖీదు ఒక్కటియే. పొగాకు బ్యారను దగ్గర పుల్ల యెగదోయువాని ఇల్లు, కొండమీది కోయవాని ఇల్లు, చెరువుగట్టు కాపలావాని ఇల్లు ఒక్కటి కావు. బిడ్డ బడి మానుటకు కారణము ఇంటింటికిని వేఱు. ఋతువు ఋతువునకును వేఱు.

మాకు తెలిసిన యొక సంగతి చెప్పెదము. ఊరి పేరును, బడి పేరును చెప్పుట అనవసరము. ఇద్దరు ఉపాధ్యాయులు అయిదు తరగతులను నడుపు చిన్నబడి యది. పొగాకు కాల్చు దినములలో అయిదవ తరగతి పిల్ల యొకతె వరుసగా మూడు వారములు రాలేదు. తండ్రి రాత్రింబగళ్లు బ్యారను కడనే పడియుండెను. తల్లి తెల్లవారుజామున ఆకు గ్రేడింగుకు పోయి దీపాలవేళకు తిరిగి వచ్చుచుండెను. బడివారి వర్తమానములు ఇంట నున్న ఒక్క సెల్‌ఫోనునకే పోయినవి. ఆ ఫోను తండ్రి జేబులో నున్నది. తండ్రికి చదువు రాదు. ఆ తల్లి ఖాతా సంఖ్య బడిలో నున్నది, ఆధారు సంఖ్య యున్నది, సమావేశమునకు వచ్చినట్లు వ్రేలిముద్రయు నున్నది. ఇంటిలో ఏడాది నిండని చంటివాడున్నాడనియు, వానిని చూచుకొనుటకే పిల్ల నిలిచిపోయినదనియు మాత్రము ఎచ్చటను వ్రాసి లేదు.

ఒకనాటి సాయంకాలము ఉపాధ్యాయిని తానై నడచి ఆ యింటికి పోయెను. “టీచరుగారూ, మా ఇంటికి మీరు వస్తారని కలలో కూడా అనుకోలేదండి” అని తల్లి కొంగుతో అరుగు తుడిచి కూర్చుండబెట్టెను. మాటలు జరిగినది అరగంట. ప్రక్కయింటి ముదుసలి పగటివేళ చంటివానిని చూచుటకు ఒప్పుకొనెను. మూడవనాడు పిల్ల బడికి వచ్చెను. ఆ యిల్లాలిని ఆ యింటికి పొమ్మని ఏ తాఖీదును చెప్పలేదు. పోయినందుకు ఏ పట్టికలోను ఎక్కలేదు. పైగా ఆ సాయంకాలము పంపవలసిన వివరములు ఆలస్యమైనవని మరునాడు సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చెను.

ఈ కథలో దుష్టులెవ్వరును లేరు. అధికారులు తమ పని తాము చేసిరి, తండ్రి తన పని తాను చేసెను. అయినను అరగంటలో తీరు చిక్కు మూడు వారములు తీరలేదు. ఇంకను కొంతకాలము గడచినచో ఆ పిల్ల హాజరు తగ్గియుండును. సాయపు సొమ్మునకు నూటికి 75 వంతుల హాజరు ఉండవలెనను నిబంధన పెట్టబడినది. చిక్కు ఏ యింట అధికమో శిక్షయు ఆ యింటికే తగులునన్నమాట. బిడ్డ బడికి రావలెనను సదుద్దేశముతో పెట్టిన నిబంధన, ఏల రాలేదో విచారింపక ప్రయోగించినచో, బీదవాని నడుము విరుచు కఱ్ఱ యగును.

న్యాయగ్రంథములతో పరిచయము గల మాకు ఈ విషయమున ఒక ఆశ్చర్యము కలుగుచున్నది. చట్టము ఈ సంగతిని విస్మరింపలేదు. 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టమున 24వ సెక్షను ఉపాధ్యాయుని విధులను చెప్పుచు, తల్లిదండ్రులను క్రమముగా కలిసికొని బిడ్డ హాజరును, నేర్చుకొను శక్తిని, అభివృద్ధిని తెలుపవలెనని శాసించుచున్నది. ఇది ఉపాధ్యాయుని దయ కాదు, విధి. అందు 21వ సెక్షను ప్రకారము బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే యుండవలెను. సగము మంది స్త్రీలు కావలెను. బడి అభివృద్ధి ప్రణాళిక వ్రాయుటయు, వచ్చిన నిధుల వ్యయమును కనిపెట్టుటయు వారి హక్కు. 27వ సెక్షను జనాభా లెక్కలు, విపత్సహాయము, ఎన్నికలు తప్ప ఇతర పనులకు ఉపాధ్యాయుని వినియోగింపరాదనుచున్నది. శాసనము ఇంత స్పష్టముగ నుండగా కమిటీ సభ్యురాలైన తల్లి సంతకము చేయుటకు మాత్రమే పిలువబడుచున్న బడులు ఎన్ని లేవు? ఆమె చదువరి కాకపోవచ్చును. తన బిడ్డ భోజనములో ఉప్పు హెచ్చినదో తగ్గినదో, మరుగుదొడ్డిలో నీరున్నదో లేదో చెప్పుటకు చదువుతో పనియేమి?

మన్యపు బడులలో మఱియొక చిక్కు కలదు. అచ్చటి బిడ్డ ఇంట వినునది కోయభాష. బడిలో వినునది తెలుగు. పుస్తకములో చూచునది ఇంగ్లీషు. మొదటి తరగతిలోనే మూడు గుమ్మములు దాటవలసిన ఆ పసివాని తల్లిదండ్రులతో మాటలాడగల గురువు లేనిచో ఏ సమావేశము ఫలించును? షెడ్యూల్డు ప్రాంతముల ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే యని 2000 జనవరిలో వచ్చిన 3వ నంబరు ఉత్తరువును సుప్రీంకోర్టువారు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసిరి. నూటికి నూరు రిజర్వేషను రాజ్యాంగబద్ధము కాదనిరి. తీర్పును శిరసావహింతుము. కాని తీర్పు ఉత్తరువును కొట్టివేసినది గాని అవసరమును కొట్టివేయలేదు. కోయపల్లెకు పోవు ఉపాధ్యాయుడు, ఏ కులమువాడైనను సరే, కోయభాష నేర్చుకొనవలెనని నియమించుటకు ఏ న్యాయస్థానమును అడ్డురాదు.

విద్యార్థుల ఆటపాటలును ఈ చర్చలోనివే. శనివారము సంచి లేని దినమని 2025లో ప్రకటించిరి. ఉద్దేశము చక్కనిది. పుస్తకముల మోత దించి ఆటలు, బొమ్మలు, తోటపని నేర్పుట ఎవరికి ఇష్టము కాదు? కాని బంతి లేని బడిలో, పాట నేర్పువారు లేని బడిలో, ఆ దినము కేవలము సగము సెలవగును. అచ్చటనే ఇంటివారి అండ అక్కఱకు వచ్చును. బుట్టలల్లు తాత, కోలాటము వేయించు అత్త, వల నేయు కొల్లేటి మామ, వెదురుతో విల్లు చేయు కొండరెడ్డి అన్న – వీరందరును బడికి రాదగిన గురువులు కారా? వారిని ఒక శనివారము పిలిచి కూర్చుండబెట్టినచో పిల్లలు నేర్చుకొందురు. అంతకు మించి, తన తండ్రిచేతి పనికి బడిలో గౌరవము కలదని బిడ్డ తెలిసికొనును. ఆ గౌరవము చూచిన తండ్రి బిడ్డను బడి మాన్పించుటకు పదిసారులు ఆలోచించును.

ఇది కొత్త మాట కాదు. 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినప్పుడు కోపల్లె హనుమంతరావుగారును వారి మిత్రులును చదువుతోపాటు చేతిపనికి పీటవేసిరి. ఆ కళాశాల పరప్రభుత్వపు తాఖీదుతో పుట్టలేదు. ఆంధ్రుల చందాలతో పుట్టినది. 1914 నుండి అయ్యంకి వెంకటరమణయ్యగారు ప్రభృతులు నడిపిన గ్రంథాలయోద్యమము ఊరూర పఠనమందిరములను నిలిపినది. బడి ఊరిదనియు, ఊరు బడిదనియు వారు నమ్మిరి. స్వరాజ్యము వచ్చిన పిమ్మట బడిని సర్కారునకు అప్పగించి మనము చేతులు కడిగికొంటిమి. తప్పు అధికారులది మాత్రమే కాదు, మనదికూడ.

కావున మేము కోరునది నాలుగు మాటలలో చెప్పెదము. మొదటిది: ప్రతి ఉపాధ్యాయునకు వారమున కొక సాయంకాలము ఇండ్లకు పోవుటకై విడువవలెను, ఆనాడు ఏ వివరములును అడుగరాదు, ఆ నడకను బడిపనిగానే లెక్కింపవలెను. రెండవది: ఒక్కసారి పంపిన వివరమును పది కార్యాలయములు పంచుకొనవలెను గాని పదిసారులు అడుగరాదు. మూడవది: సమావేశముల వేళ కూలివారికి అనుకూలముగ నుండవలెను. పొగాకు దినములలో పగటి పదిగంటలకు సభ పెట్టి, తల్లి రాలేదని వ్రాసికొనుట ధర్మము కాదు. వచ్చిన తల్లి ఒక దినపు కూలి పోగొట్టుకొని వచ్చుచున్నదని మరువరాదు. నాలుగవది: హాజరు తగ్గిన బిడ్డకు సాయము నిలుపుటకు ముందు ఇంటికి పోయి కారణము విచారించితిమని బడివారు వ్రాసి యుండవలెను, లేనిచో నిలుపరాదు.

వీనికి కోట్లు అక్కఱలేదు. ఇందరు ఉపాధ్యాయులకు వారమున కొక సాయంకాలము విడిచినచో లెక్కలు వెనుకబడునని అధికారులు అనవచ్చును. నిజమే, కొంత వెనుకబడును. లెక్క ఒకనాడు వెనుకబడినచో మరునాడు పూరింపవచ్చును. బిడ్డ ఒక సంవత్సరము వెనుకబడినచో, పూరింపలేక బ్యారను దగ్గఱకో చెరువుగట్టునకో పోవును.

చివరకు ఈ పత్రికను పఠనమందిరములలో చదువు పట్టణవాసులకు ఒక మనవి. మనలో వకీళ్లు, వైద్యులు, వర్తకులు, పింఛనుదారులు కలరు. మన బిడ్డలు సర్కారు బడికి పోవుటలేదు గనుక ఆ బడి సంగతి మనకు పట్టదను భావము మనలో ప్రవేశించినది. దానిని విడువవలెను. రాబోవు శనివారము మన వీథికి దగ్గఱనున్న బడికి ఒక్కసారి పోవుదము. ప్రధానోపాధ్యాయుని అనుమతితో తరగతిలో కూర్చుందము. ఈ వారము రాని పిల్లలెవ్వరో అడుగుదము. ఉపాధ్యాయునితో కలిసి ఒక్క యింటికైన నడచి పోవుదము. దారి తెలియనిచో ప్రక్కబల్లపై కూర్చుండు పిల్లను అడిగినచో చాలును, ఆమె చూపించును.