మనసు మాటా? రేడియో మాటా?

గోపాల్‌పూర్ ఒడ్డున తెల్లవారుజామున పడవ దించే ముందు కుర్రాళ్లు ఓసారి తాత మొహం వైపు చూస్తారు. ఆయన కాసేపు నిలబడి "ఇయ్యాల ఏటకెల్లొద్దురా" అన్నాడంటే వల మళ్లీ ఇంటికే. ఎందుకని అడిగితే చెప్పలేడు. మనసు ఒప్పట్లేదంటాడు, అంతే. పూరీ పెంటకోట నుంచి గంజాం తీరం దాకా తెలుగు మత్స్యకారుల వాడల్లో ఇదేమీ కొత్త సంగతి కాదు.

చదువుకున్నవాళ్లు దీన్ని మూఢనమ్మకమని తీసిపారేస్తుంటారు. అలా అనడం తొందరపాటే. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గేరీ క్లీన్ అగ్నిమాపక సిబ్బందిని ఏళ్ల తరబడి పరిశీలించి ఓ సంఘటన రాశాడు. వంటింట్లో చెలరేగిన మంటను ఆర్పుతున్న దళ నాయకుడు ఉన్నట్టుండి అందరినీ బయటికి రమ్మన్నాడు. వాళ్లు వచ్చీ రాగానే నేల కూలిపోయింది. అసలు మంట కింద నేలమాళిగలో ఉంది. ఆ సంగతి ఆయనకు తెలీదు. నీళ్లు కొట్టినా మంట తగ్గలేదు, వేడి చూస్తే ఎక్కువ, చప్పుడు చూస్తే తక్కువ. ఎక్కడో తేడా కొట్టింది. ఆయన మాత్రం తనకేదో అతీంద్రియ శక్తి ఉందనుకున్నాడు!

తాత మనసూ అలాంటిదే. కెరటాల మధ్య సందు చూసి పడవ తోయడం ఆయన వేలసార్లు చేశాడు. లెక్క తప్పినప్పుడల్లా పడవ బోల్తా పడి అక్కడికక్కడే తెలిసొచ్చింది. క్లీన్, నోబెల్ గ్రహీత డేనియల్ కానమన్ ఈ విషయంలో ఎదురెదురు పక్షాలవాళ్లు. 2009లో ఇద్దరూ కలిసి రాసిన వ్యాసంలో ఒక మాట మీదికి వచ్చారు. పరిస్థితుల్లో ఓ క్రమం ఉండాలి, తప్పొప్పులు త్వరగా తెలిసిరావాలి. ఈ రెండూ ఉన్నచోటే మనసు మాట నమ్మదగ్గది. ఎంత గట్టిగా అనిపించిందన్నది లెక్కలోకి రాదు. (పెళ్లిచూపుల్లో 'చూడగానే తెలిసిపోయింది, కుర్రాడు బంగారం' అని తేల్చేసే మావయ్యలు కాస్త గమనించాలి.)

మరి తుఫాను మాటేమిటి? 1999 అక్టోబరు మధ్యలో ఒకటి గంజాంను కొట్టింది. అదే నెల 29న మహా తుఫాను పారాదీప్ వైపు విరుచుకుపడి పదివేల మంది దాకా ప్రాణాలు తీసింది. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర, 2019లో ఫణి పూరీ దగ్గర తీరం దాటాయి. ఒక మనిషి బతుకులో ఇలాంటివి చూసేది వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఏ రెండూ ఒకలా రావు. తుఫాను నాలుగైదు వందల కిలోమీటర్ల అవతల ఉండగా ఒడ్డున చక్కగా ఎండ కాస్తుండొచ్చు. తాత కళ్లలో లోపం లేదు, చూడాల్సిందే ఇంకా కనుచూపు మేరలోకి రాలేదు. తెప్పల కాలంలో గాలి మారితే ఒడ్డుకు చేరుకునేవాళ్లు. ఇప్పుడు ఇంజను పడవలు చాలా దూరం వెళుతున్నాయి. అక్కడ గాలి మారాక తిరిగొచ్చే వ్యవధి ఉండదు.

ఫైలిన్‌కు ముందు ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని తరలించారు. చనిపోయినవాళ్లు పదుల్లోనే ఉన్నారు. వాళ్లను కాపాడింది ఉపగ్రహం చూపు, ఇల్లు ఖాళీ చేయించిన పోలీసులు, ఉపాధ్యాయులు.

అయితే హెచ్చరిక విని మూడు రోజులు వేట మానుకుంటే, తీరా తుఫాను పక్కకు మళ్లితే, ఆ మూడు రోజుల కూలీ ఎవరిస్తారు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా జాలరిని మొండివాడనడం అన్యాయం. హెచ్చరిక అర్థమయ్యే భాషలో అందాలి కూడా. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్ర సమాచారాన్ని ఒడియాతోపాటు తెలుగులోనూ తయారుచేస్తోంది. ఆ తెలుగు మాటలు ఇచ్ఛాపురం దాటి గంజాం వాడల మైకుల్లోనూ వినపడాలి. పైగా కబురు ముందుగా చేరాల్సింది ఒడ్డున నిలబడ్డ ఆ తాతకే. కుర్రాళ్లు చూసేది ఆయన మొహం వైపే కదా.