మార్కులు వేసే ముందు పూర్తిగా చూడాలి

ఇంట్లో కూర్చుని పాత హాలీవుడ్ చిత్రాలు చూసి మార్కులు వేయడం చాలామందికి అలవాటయింది. తప్పేమీ లేదు. అయితే పావుగంట చూసి, నలుపు తెలుపు బొమ్మేనని కట్టేసి, అయిదుకు రెండు వేసేవారి మాటేమిటి?

1946లో ఫ్రాంక్ కాప్రా తీసిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ సంగతే చూడండి. థియేటర్లలో ఖర్చు కూడా రాబట్టలేదు. ఉత్తమ చిత్రంగా ఆస్కార్‌కు పోటీపడి ఓడింది. 1974లో గడువు తీరిన హక్కులను ఎవరూ పొడిగించుకోలేదు. దాంతో అమెరికా టెలివిజన్ కేంద్రాలు పైసా చెల్లించకుండా ఏటా క్రిస్మస్‌కు వేయసాగాయి. హాలులో ఆదరించని చిత్రాన్ని జనం ఇళ్లలో నెత్తిన పెట్టుకున్నారు. 1998లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ప్రకటించిన వంద చిత్రాల్లో దానికి 11వ స్థానం దక్కింది.

కథానాయకుడు జార్జి బెయిలీ చిన్న ఊళ్లో పేదల ఇళ్లకు అప్పులిచ్చే సంస్థ నడుపుతాడు. బాబాయి 8,000 డాలర్లు పోగొట్టడంతో, దిక్కుతోచక, చావడానికి వంతెన మీదికి వెళతాడు. అప్పుల బాధ ఎరిగిన పల్లెవాసులకు ఈ ఘట్టాన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. అతన్ని ఆపే దేవదూత ఎదురుపడేది, 130 నిమిషాల చిత్రంలో గంటన్నర దాటాకే! అతను పుట్టకపోతే ఊరు ఏమయ్యేదో చూపేదీ ఆ తర్వాతే. పావుగంటకే కట్టేసినవారు దేనికి మార్కులు వేసినట్టు?

1980లలో దీనికి రంగులు కూడా పూశారు. కాప్రా, నటుడు జేమ్స్ స్టూవర్ట్ ఇద్దరూ అభ్యంతరం చెప్పారు. చూసేవారు నలుపు తెలుపు ప్రతినే ఎంచుకోవడం మంచిది.