తినని బిడ్డ మొండివాడు కాడు



మన పిల్లల ఓ.పి.కి ఒక తల్లి తన ఆరేళ్ళ బాబును తీసుకువచ్చింది. బాబుకు ఆటిజం. బరువు 13 కిలోలు. ఆ వయసుకు సుమారు 20 కిలోలు ఉండాలి. పెరుగన్నం, ఒకే రకం బిస్కెట్లు తప్ప మరేమీ ముట్టడు. "గారాబం చేసి చెడగొట్టావమ్మా" అని ఆమెను మందలించినది ఎవరో కాదు, నేనే. ఆమె మారు పలకలేదు, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తరువాత డాక్టరుగారు పరీక్షిస్తే రెండు దవడ పళ్ళు పుచ్చి ఉన్నాయి. వారం రోజులుగా విరేచనం లేదు. మాటలు రాని బిడ్డ నొప్పి అని ఎలా చెప్పగలడు?

ఆ రోజు నుండి నా అభిప్రాయం మారింది. ఈ బిడ్డలలో చాలామందికి వాసన, రంగు, మెత్తదనం, కరకరలాడే శబ్దం మనకంటే ఎక్కువగా తెలుస్తాయి. మనకు కమ్మగా ఉండే పప్పన్నం వారికి భరించలేనిదై ఉండవచ్చు. ఇది మొండితనం కాదు, తల్లి పెంపకంలో లోపం అంతకన్నా కాదు. అలాగని "ఆటిజం పిల్లలంతే, తినరు" అని ఊరుకోవడం కూడా తప్పే. రెండు మూడు పదార్థాలతోనే ఏళ్ళు గడిస్తే రక్తహీనత, రికెట్స్, చిగుళ్ళనుండి రక్తం కారే స్కర్వీ సైతం రావచ్చు.

కనుక తోటి నర్సులకు నా మనవి: ఆటిజం ఉన్న బిడ్డ ఏ జబ్బుతో వచ్చినా ముందు బరువు, ఎత్తు చూసి వ్రాయండి. పళ్ళు, మలబద్ధకం గురించి అడగండి. తల్లిని తరువాత కాదు, మొదటే ఓదార్చండి.

తల్లిదండ్రులకు కొన్ని మాటలు. ముక్కు మూసి, కాళ్ళు పట్టుకొని తినిపించవద్దు. పొలమారే ప్రమాదం ఉంది, భయమూ పెరుగుతుంది. రోజూ ఒకే వేళకు, ఒకేచోట కూర్చోబెట్టండి. ఇష్టమైన తిండి పక్కనే కొత్తది చిటికెడు ఉంచండి, ముట్టకపోయినా తిట్టవద్దు. 10, 15 సార్లు చూశాక గాని కొందరు నోట పెట్టరు. తినే అన్నంలోనే చెంచా నెయ్యి కలిపితే సుమారు 45 కేలరీలు అదనంగా అందుతాయి. ఎవరో చెప్పారని పాలు, గోధుమ మాన్పించవద్దు. అలా మానితే ఆటిజం తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు, బక్కచిక్కిన బిడ్డ ఇంకా చిక్కిపోతాడు. బరువు తగ్గుతున్నా, నెలల తరబడి పెరగకపోయినా, మింగేటప్పుడు దగ్గు వస్తున్నా వెంటనే ఆసుపత్రికి రండి.

యాయీరు కుమార్తెను బ్రతికించిన మన ప్రభువు, ఆమెకు తినడానికి ఏమైనా పెట్టమని ఇంటివారికి చెప్పడం మరచిపోలేదు. ఆ చిన్నదాని ఆకలి ఆయనకు చిన్న విషయం కాలేదు. మనకూ కాకూడదు.